ఐదో చుట్టులో తగ్గే దెబ్బ

ఆ గురువారం పొద్దున పదకొండు గంటలలోపు కావలసిన పనులు ఇవి.

ఓదెలు తల మళ్ళీ గొరిగించాలి, వారంలో మొలిచిన వెంట్రుకల మీద పట్టీ సరిగా అతకదు. పట్టీలోని పదహారు బిళ్ళలకూ జిగురు రాయాలి. రెండు మణికట్లకూ, కుడిపాదానికీ కదలికను పసిగట్టే తీగలు అంటించాలి. రమ వదినను బస్టాండు నుంచి తీసుకురావాలి, ఏదన్నా తినేలా చూడాలి, తినకపోతే టీ అయినా తాగించాలి. నుజ్హత్ మేడం సంతకం తీసుకోవాలి. నలభై మూడు నిమిషాల పాటను మొదటి నుంచి చివరిదాకా చూసి, తప్పులుంటే సరిదిద్దాలి. అనుమానం వస్తే ప్రభుదాస్‌ను లేపి అడగాలి.

స్వరూప అన్నీ చేసింది. ప్రభుదాస్‌ను మాత్రం లేపలేదు. ఆరు రోజులుగా కంటిమీద కునుకు లేని మనిషి ల్యాబు వరండాలో బల్లమీద గిటారు పెట్టె తలకింద పెట్టుకొని పడుకుంటే, లేపడానికి ఆమెకు చేతులు రాలేదు.

ఓదెలు స్వరూపకు అన్న. గోదావరిఖనిలో బొగ్గుబాయి కింద బెల్టు ఆపరేటరు. నాన్నకు ఊపిరితిత్తులు చెడి డ్యూటీకి పనికిరాడని తేల్చినప్పుడు, ఓదెలు డిగ్రీ రెండో ఏడు వదిలేసి ఆ ఉద్యోగంలోకి దిగాడు. చెల్లెలు చదువుకోవాలంటే ఇంట్లో ఎవరో ఒకరు భూమిలోకి దిగాలి, దిగినవాడు అతను. ఆ ఇంట్లో పట్టా చేతికొచ్చిన మొదటి మనిషి స్వరూప. హనుమకొండలో నరాల పరిశోధన చేసే ల్యాబులో ఇంజనీరు అయింది. ఆ సంగతి ఆమె ఏనాడూ మరిచిపోలేదు. మరిచిపోకూడదనే ఏ పనైనా రెండుసార్లు సరిచూసేది.

బాయి కింద బొగ్గు మోసే బెల్టు ఆగకుండా తిరుగుతుంది. బెల్టుకు మూడుచోట్ల అతుకులుంటాయి. ఒక్కో అతుకూ రోలరు మీదికి వచ్చినప్పుడల్లా టక్కుమంటుంది. అతుకుల మధ్య దూరాలు సమానంగా ఉండవు కాబట్టి ఆ టక్కులు కూడా సమానంగా పడవు. ఎనిమిది గంటలు అది విని విని ఓదెలు తొడమీద వేళ్ళతో వాయించేవాడు. షిఫ్టు దిగాక, చర్చిలో గిటారు నేర్చుకున్న ప్రభుదాస్ దగ్గరికి పోయి, ఇది వాయించు బావా అనేవాడు. అట్లా పుట్టింది వాళ్ళ బ్యాండు, గిటారు ప్రభుదాస్‌ది, డ్రమ్ములు ఓదెలువి. పేరు 'మూడో సీము', వాళ్ళు దిగే బొగ్గు పొర పేరే అది. పాత సైకిల్ స్టాండు రేకుల షెడ్డులో సాధన. పదకొండేళ్ళలో చేసినవి పన్నెండు పాటలు, అన్నింటికన్నా చిన్నది తొమ్మిది నిమిషాలు. వీళ్ళ పాట మొదలైనప్పుడు ఫస్ట్ షిఫ్టుకు దిగినవాడు అది అయిపోయేసరికి రిటైరై వస్తడని కాలనీలో ఎగతాళి చేసేవాళ్ళు. ఓదెలే అందరికన్నా ముందు నవ్వేవాడు.

ఏప్రిల్‌లో ఓదెలుకు మెదడు జ్వరం వచ్చింది. పన్నెండో రోజుకు జ్వరం దిగింది. కళ్ళు మాత్రం తెరవలేదు. ఊపిరి ఆడుతోంది, గుండె కొట్టుకుంటోంది, గిల్లితే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. మనిషి మాత్రం లేడు. మనిషిని మెలకువగా ఉంచే చోటు ఒకటి జ్వరానికి కాలిందని డాక్టర్లు అన్నారు. మిగతా మెదడంతా బాగానే ఉందట. బ్యాటరీ దిగిన బండిలాగా.

స్వరూప పనిచేసే ల్యాబులో అప్పటికే ఒక పట్టీ తయారవుతోంది. ఆ ల్యాబుకు పెద్ద నుజ్హత్ మేడం. పట్టీ ఏం చేస్తుందని రమ వదిన అడిగినప్పుడు స్వరూప చెప్పలేదు, చేసి చూపించింది. బల్లమీద వేలితో మూడుసార్లు ఒకేలా కొట్టింది. నాలుగోసారి వేలు పైకెత్తి, కొట్టకుండా ఆపింది. రమ తెలియకుండానే ముందుకు వంగింది.

"వంగినవు చూడు వదినా," అంది స్వరూప. "లోపల మెదడు కూడ అట్లనే వంగుతది. పట్టీ దాన్నే పట్టుకుంటది. పదింతలు చేసి, కాలిన చోటికి పంపుతది."

బండిని నెట్టి స్టార్టు చేసినట్టన్నమాట. నెట్టేది కరెంటు కాదు, ఎదురుచూపు. నలభై నిమిషాలు తెగకుండా నెట్టగలిగితే ఇంజను దానంతట అదే అందుకుంటుందని మేడం లెక్క. జ్వరం దిగిన తొంభై రోజుల్లోపే అది జరగాలి. ఆ తర్వాత కాలిన చోట మచ్చ గట్టిపడుతుంది, ఇక ఎంత నెట్టినా లాభం లేదు.

మొదట సినిమా పాటలు పెట్టారు. ఒకటిన్నర నిమిషం కనురెప్పలు కొట్టుకున్నాయి, అంతే. బతుకమ్మ పాట పెట్టారు. రెండు నిమిషాలు. పల్లవి అనుకున్నచోట అనుకున్నట్టు తిరిగొస్తుంటే మెదడుకు చూడాల్సింది ఏమీ మిగలడం లేదు. అట్లాగని అర్థంపర్థం లేని చప్పుళ్ళు వినిపిస్తే అసలు వంగడమే లేదు. ఏది వస్తుందో కొంత తెలియాలి, పూర్తిగా తెలియకూడదు. ఈ మాట విన్నాక రమే అంది, వాళ్ళ సొంత రొదే పెట్టి చూడరాదూ అని. పెళ్ళైన ఏడేళ్ళలో ఆమె ఆ పాటల గురించి చెప్పిన మంచిమాట అదొక్కటే.

'మూడో సీము' మొదటి పాట పెట్టారు. నాలుగో నిమిషంలో ఓదెలు కళ్ళు తెరిచాడు. చెల్లెలిని చూసి, "మొఖం ఏంది గట్ల పెట్టినవ్, పరీక్ష తప్పినవా," అన్నాడు. ప్రభుదాస్ వైపు తిరిగి రికార్డింగులో గిటారు నాలుగో తీగ శ్రుతి దిగి ఉందని తప్పుపట్టాడు. రమ చెయ్యి పట్టుకున్నాడు. అయిదు నిమిషాలు. పాట ఆగగానే దీపం తీసినట్టు పోయాడు.

అందరూ ఏడ్చారు. నవ్వుతూనే ఏడ్చారు.

మర్నాడు అదే పాట మళ్ళీ పెడితే మెదడు ఎదురుచూపును చూపించే తెరమీది గీత ఉలకలేదు, పలకలేదు. రెండో పాట పెట్టాక లేచాడు. మొదటి పాటలోని ముక్క ఒకటి ప్రభుదాస్ గిటారు మీద వాయించి, గుర్తుపట్టినవా అని అడిగాడు. ఓదెలు ముఖం చిట్లించి, "బెల్టు రోలరు అరిగిన సప్పుడు అది," అన్నాడు. హాస్యమాడుతున్నాడనుకున్నారు. కాదని నుజ్హత్ మేడంకు అర్థమైంది. పదింతలు బలంగా ఒకసారి ఎదురుచూసినదాని కోసం మెదడు రెండోసారి ఎదురుచూడదు. పట్టీ మీద విన్న పాట ఓదెలు లోపల పాటగా చచ్చిపోతోంది. మాట గుర్తుంటుంది, మనుషులు గుర్తుంటారు. పాట మాత్రం వట్టి చప్పుడవుతుంది.

మూడోసారి లేచినప్పుడు ఓదెలే అడిగాడు. "నేను ఏది విన్నా అది పోతున్నది గదా చెల్లె?"

"లేదన్నా. మందుల వల్ల అట్ల అనిపిస్తది," అంది స్వరూప. పుట్టి బుద్ధెరిగాక అన్నతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

అట్లా అయిదు పాటలు కాలిపోయాయి. మిగిలినవి ఏడు. ఏ ఒక్కటీ పద్నాలుగు నిమిషాలకు మించి నిలబెట్టదు. వరుసగా పెడదామంటే ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య సందులో మనిషి జారిపోతున్నాడు. అప్పుడు ప్రభుదాస్ సెలవు పెట్టి హనుమకొండ వచ్చి ల్యాబు వరండాలో మకాం వేశాడు. ఏడు పాటలనూ ముక్కలు చేశాడు. పాటకు పునాదిలా మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు ముక్కను వాళ్ళు రిఫ్ అంటారు. అలాంటివి ముప్ఫై నాలుగు తేలాయి. పాత క్యాలెండరు కాగితాల వెనక వాటిని గళ్ళు గీసి రాశాడు. రెండో నిమిషంలో వచ్చిన రిఫ్ మాయమై పదహారో నిమిషంలో వేరే తాళం కింద తొంగిచూస్తుంది, మళ్ళీ మాయమై ముప్ఫై ఒకటో నిమిషంలో పూర్తి బలంతో తిరిగొస్తుంది. ఇదెందుకు అదెందుకు అని స్వరూప అడుగుతుంటే ఓపికగా చెప్పేవాడు.

"ఒక్కటే ముక్క నాలుగుసార్లు వాయించినమనుకో చెల్లె, వినేటోడు అండ్ల ఇల్లు కట్టుకుంటడు. ఐదో చుట్టుల ఒక్క దెబ్బ తీసేస్తం. చీకట్ల మెట్టున్నదనుకొని కాలు పెట్టినట్టైతది. గా ఉలికిపాటు కావాలె మనకు. గని ప్రతిసారి తీస్తివా, వాడు నమ్ముడు బంద్ చేస్తడు."

ఎక్కడెక్కడ దెబ్బ తగ్గుతుందో ఆమె కోసం ఒక పట్టిక రాసిచ్చాడు. ఇరవై రెండు చోట్లు. పాత సాధన రికార్డింగుల నుంచి ముక్కలు కోసి, కొన్నిచోట్ల కొత్తగా వాయించి కలిపి, గురువారం తెల్లవారేసరికి పాట పూర్తిచేసి బల్లమీద ఒరిగాడు. అది ఎనభై ఏడో రోజు.

స్వరూప పట్టిక పక్కన పెట్టుకొని తెరమీద పాటను చూసుకుంటూ పోయింది. ఇరవై రెండు చోట్లూ సరిపోయాయి. ముప్ఫై ఒకటో నిమిషంలో ఇంకొకటి కనబడింది. ఐదో చుట్టు ఒక దెబ్బ పొట్టిగా ఉంది. పట్టికలో లేదు. ముక్కలు అతికేటప్పుడు నిద్రమత్తులో కోత ఎక్కువై ఉంటుందనుకుంది. ఇంటర్లో ల్యాబు రికార్డులో ఒక్క కొట్టివేత ఉంటే పేజీ మొత్తం చింపి మళ్ళీ రాసిన పిల్ల ఆమె. ముందు చుట్టులోంచి ఒక దెబ్బ కాపీ చేసి ఆ సందులో అతికించింది. ఎక్కడా అతుకు వినబడకుండా నున్నగా చేసింది. ఒక తప్పు పట్టుకున్నానని ఆమెకు కాస్త తృప్తి కూడా కలిగింది.

పదకొండున్నరకు పాట మొదలైంది. మూడో నిమిషానికి ఓదెలు లేచాడు. ఈసారి మాట్లాడించవద్దని మేడం చెప్పింది కాబట్టి రమ ఊరికే అతని చెయ్యి పట్టుకొని కూర్చుంది. పది నిమిషాలు. ఇరవై. గీత కొండలెక్కి దిగుతోంది. పాత రిఫ్ ఒకటి మారువేషంలో వచ్చినప్పుడల్లా ఓదెలు పెదవి చివర చిన్న నవ్వు మొలుస్తోంది. ఇరవై అయిదు. మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. ముప్ఫై.

ముప్ఫై ఒకటో నిమిషంలో రెండో నిమిషపు రిఫ్ తిరిగొచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుట్లు. ఐదోది నిండుగా, సమంగా, ఏ లోటూ లేకుండా వచ్చి ముగిసింది.

ఓదెలు కళ్ళు మూసుకున్నాడు. గీత పడుకుంది.

మిగిలిన పన్నెండు నిమిషాలు పాట తన మానాన తాను మోగింది. ఆపడానికి ఎవరికీ చెయ్యి లేవలేదు. ప్రభుదాస్ అప్పటికే గోడ దగ్గర లేచి నిలబడ్డాడు. పాట అయిపోయాక మెల్లగా అడిగాడు, ముప్ఫై ఒకటో నిమిషంలో ఎవరు ముట్టారని.

"నేనే. పట్టికల లేదు. తప్పనుకొని సరిచేసిన," అంది స్వరూప.

"రాయలేదు నేను. పొద్దుగాల వాయిస్తుంటే చెయ్యే అట్ల పోయింది," అని అతను గిటారు పెట్టె వైపు చూశాడే గానీ ఆమె వైపు చూడలేదు. కోప్పడితే బాగుండునని స్వరూపకు అనిపించింది. మెదడు ముప్ఫై నిమిషాలు కాచుకొని కూర్చున్న లోటును ఆమె పూడ్చేసింది. రావలసినదంతా వచ్చేసింది, ఇక ఎదురుచూడవలసింది లేకుండా పోయింది. ఏడు పాటల్లోని ముప్ఫై నాలుగు రిఫ్‌లూ ఆ ముప్ఫై ఒక్క నిమిషాల్లోనే ఒక్కసారైనా మోగాయి. ఒక్కటీ మిగల్లేదు. కొత్తవి చేద్దామంటే ఓదెలు ఎన్నడూ వినని పాట కోసం ఓదెలు మెదడు ఎదురుచూడదు.

రమకు చెప్పాలి. మేడం తాను చెప్తానంది. స్వరూప వద్దని తానే వెళ్ళింది. పొడుగ్గా చెప్పలేదు, సాకులు చెప్పలేదు. తాను ముట్టుకోకపోతే మనిషి లేచేవాడేమో అని చెప్పింది. రమ చాలాసేపు పైటకొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"నువ్వు సదువుకున్నదానివి గదా స్వరూపా," అంది చివరికి.

అంతే. ఆ మాటలో తిట్టు లేదు. తిట్టు ఉంటే స్వరూప ఆ రాత్రి అన్నం తినగలిగేది.

శుక్రవారం పొద్దున స్వరూప చేసిన పని, ఎవరూ అడగనిది. ఓడిపోయిన ప్రయోగానికి కూడా రికార్డు పూర్తిచేయాలి కాబట్టి తీగలు నమోదు చేసిన కదలికలను వరుసగా ఎక్కిస్తోంది. మణికట్లు, ఏమీ లేదు. కుడిపాదం దగ్గర ఆగింది. పాట పొడుగునా పాదం కదులుతూనే ఉంది, కంటికి కనబడనంత సన్నగా, డ్రమ్ము పెడలు తొక్కినట్టు. ముప్ఫై ఒకటో నిమిషం, ఐదో చుట్టు. అక్కడ పాదం, పాటకన్నా ఒక దెబ్బ ముందే తర్వాతి చుట్టులోకి దిగింది.

ఆమె దాన్ని రెండోసారి సరిచూసింది. రికార్డింగులో ఆ లోటు లేదు, ఆమే పూడ్చేసింది. ప్రభుదాస్ ఎవరికీ చెప్పలేదు, వాయించేదాకా అతనికే తెలియదు. అయినా ఓదెలు పాదానికి తెలుసు. పదకొండేళ్ళు కలిసి వాయించినవాడి చెయ్యి అక్కడ ఎటు పోతుందో ఆ కాలు ముందే కనిపెట్టింది. చెవి వెంట ఉన్న దారి కాలిపోయింది. కాలి వెంట ఉన్న దారి ఇంకా బతికే ఉంది.

క్యాంటీనులో చల్లారిన టీ ముందు కూర్చున్న ప్రభుదాస్ దగ్గరికి పరుగెత్తింది. డ్రమ్ములు తీసేసి గిటారు ఒక్కటే వాయిద్దామంది. డ్రమ్ము పడాల్సిన చోట ఖాళీ ఉంటే అన్న కాలు ఆ ఖాళీ కోసం లేస్తుందని, బిళ్ళలను కదలిక పుట్టే నడినెత్తి వైపు జరిపితే ఆ ఎదురుచూపును పట్టుకోవచ్చనీ గబగబా చెప్పింది. రికార్డింగు పనికిరాదు, ఎదురుగా కూర్చొని కాలును చూస్తూ వాయించాలి.

ప్రభుదాస్ టీ గ్లాసు పక్కకు జరిపాడు. "విన్నవి కాలిపోయినట్టు ఇది కూడ కాలుతది గదా," అన్నాడు.

కాలుతుందని నుజ్హత్ మేడం ఏమీ దాచకుండా చెప్పింది. పాట వినడం ఇప్పటికే పోయింది. ఇక వాయించడం పోతుంది. తర్వాత డ్రమ్ముల ముందు కూర్చోబెట్టినా అతని చేతులకూ కాళ్ళకూ వాటి పని తెలియదు, తాళం అనే మాటకు అర్థమే ఉండదు. మనిషి మాత్రం ఉంటాడు. ఉండొచ్చు.

"వాణ్ని అడగాలె," అన్నాడు ప్రభుదాస్.

అడగాలంటే లేపాలి. లేపడానికి మిగిలింది అదొక్కటే. రమ ఒప్పుకోలు కాగితం తన ముందుకు లాక్కొని సంతకం పెట్టింది.

శనివారం, ఎనభై తొమ్మిదో రోజు. మంచం తల వైపు ఎత్తారు. ఓదెలు కుడిపాదం కింద దిండు పెట్టారు. ప్రభుదాస్ మంచం కాళ్ళ దగ్గర స్టూలు వేసుకొని కూర్చున్నాడు, కళ్ళు ఆ పాదం మీదే పెట్టి. ప్రార్థన చేసుకున్నాడు కాబోలు, పెదవులు కదిలాయి. తర్వాత బెల్టు అతుకుల మీద పుట్టిన ఆ మొట్టమొదటి రిఫ్ మొదలుపెట్టాడు. డ్రమ్ములు లేకుండా అది బోసిగా ఉంది. రెండు దెబ్బలకు ఒకసారి గోతిలో కాలు పడ్డట్టు తూలుతోంది.

మూడు నిమిషాలు ఏమీ లేదు. ఏడు నిమిషాలు. తొమ్మిదో నిమిషంలో పాదం దిండును తొక్కింది.

ఆపైన ఎవరు ఎవరి వెంట నడిచారో చెప్పడం కష్టం. ప్రభుదాస్ నాలుగు చుట్లు సమంగా వాయించి ఐదోది తగ్గించాడు, కాలు అక్కడే ఉంది. మూడో చుట్టులోనే తగ్గించి చూశాడు, అక్కడా ఉంది. అప్పుడు కాలే ఒక దెబ్బ ముందు దూకింది, గిటారు దాని వెంట పరుగెత్తింది. పన్నెండో నిమిషానికి ఓదెలు కళ్ళు తెరిచాడు. చేతివేళ్ళు మంచం రెయిలింగు మీద ఆడుతున్నాయి. మేడం గడియారం అక్కడి నుంచి మొదలుపెట్టింది.

ప్రభుదాస్‌ను చూస్తూ, తలూపుతూ, వంకర నవ్వుతో ఓదెలు వాయించాడు. సైకిల్ స్టాండు షెడ్డులో అతన్ని అట్లా చూసిన రోజులు స్వరూపకు లెక్కలేనన్ని. పదిహేను నిమిషాలయ్యాక ఆ నవ్వు సన్నగిల్లింది. ఎడమచేతి వేళ్ళు ఒకసారి తడబడ్డాయి. అతను ఆ వేళ్ళ వైపు చూసుకున్నాడు. కొంతసేపటికి ఆ చెయ్యి పూర్తిగా ఆగిపోయింది. ఇరవై ఆరో నిమిషంలో కుడిచెయ్యి కూడా రెయిలింగు మీద వట్టి చెయ్యిలాగా పడి ఉంది. మిగిలింది పాదం.

ఓదెలుకు అర్థమైంది. ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

"చాలు చెల్లె," అన్నాడు. "ఇగ ఆపుర్రి. గీ ఒక్కటి నాకు ఉండనియ్యుర్రి."

ప్రభుదాస్ తలెత్తాడు. వాయిస్తూనే స్వరూపను చూశాడు. మేడం కూడా ఆమెనే చూసింది. ముప్ఫై నాలుగో నిమిషం.

"ఆపద్దు," అంది రమ. ఆమె లేచి నిలబడి ఉంది. "పాట పోతే పోనియ్యి. నాకు మనిషి గావాలె."

స్వరూప అన్న ముఖం చూసింది. తన కోసం భూమిలోకి దిగిన మనిషి, ఇంతవరకు తన దగ్గర ఒక్కటంటే ఒక్కటి అడిగినవాడు కాదు. ఇప్పుడు అడిగాడు. ఆరు నిమిషాలు. ఇప్పుడు ఆపితే రేపటి తర్వాత మచ్చ గట్టిపడుతుంది, ఆ ఒక్కటీ లోపల పెట్టుకొని అతను ఎన్నేళ్ళైనా అట్లాగే పడుకొని ఉంటాడు. ఆమె ప్రభుదాస్ వైపు చూసి, కొనసాగించమని చెయ్యి ఊపింది.

"ప్రభూ," అన్నాడు ఓదెలు. "బావా, నువ్వన్న ఆపు."

ప్రభుదాస్ ఆపలేదు. చెంపల మీది నుంచి నీళ్ళు గిటారు మీద పడుతుంటే వాయించాడు. అప్పుడు ఓదెలు ఒకటే పని చేశాడు. కాలు ఆపడానికి ప్రయత్నించాడు. పళ్ళు బిగించి, రెండు చేతులతో తొడను అదిమిపట్టాడు. నాలుగు చుట్లు సమంగా వచ్చాయి. ఐదోది ఒక దెబ్బ తగ్గింది. ఆ తగ్గిన చోట, వద్దు వద్దంటూనే, అతని పాదం పడింది. పదకొండేళ్ళ అలవాటు ఆ మనిషి మాట వినలేదు. ఆరు నిమిషాలు అతను తన కాలితో పెనుగులాడాడు. కాలు ఒక్కసారి కూడా తప్పలేదు.

నలభై. మేడం పట్టీ స్విచ్చి తీసేసి ప్రభుదాస్ భుజం మీద చెయ్యి వేసింది. గిటారు ఆగింది.

ఒక నిమిషం. రెండు. పాదం ఆగిపోయింది. ఓదెలు కళ్ళు తెరిచే ఉన్నాయి. అయిదు నిమిషాలు. గంట. సాయంత్రం నాలుగింటికి మంచినీళ్ళు అడిగాడు. ఆ తర్వాత తనంతట తాను నిద్రపోయి, మర్నాడు పొద్దున అందరిలాగే లేచాడు.

ఇప్పుడు ఓదెలుకు బాయి పైనే డ్యూటీ, ల్యాంపు రూములో. దిగేవాళ్ళకు దీపాలిచ్చి, ఎక్కినవాళ్ళ దగ్గర తీసుకుంటాడు. రమ కొంచెం ఒళ్ళు చేసింది. ప్రభుదాస్ ప్రతి ఆదివారం వస్తాడు, గిటారు లేకుండా. ఓదెలు అతన్ని ఆదరంగా కూర్చోబెడతాడు. పదకొండేళ్ళు కలిసి తిరిగామని గుర్తుంది, సైకిల్ స్టాండులో కలిసేవాళ్ళమనీ గుర్తుంది. అక్కడ అన్ని గంటలు ఏం చేసేవాళ్ళమో మాత్రం తెలియదు. వాతావరణం గురించి మాట్లాడుకుంటారు, టీ తాగుతారు, ప్రభుదాస్ వెళ్ళిపోతాడు.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం స్వరూప ఇంటికి వచ్చినప్పుడు ఓదెలు గుమ్మం దగ్గర కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని అడిగాడు.

"ఆ శనివారం నేనేమన్న అన్ననా చెల్లె? ప్రభు నా మొఖం సూస్తలేడు."

ఇంకో అబద్ధం ఆడే ఓపిక ఆమెకు లేదు. "ఆపమన్నవన్నా. మేము ఆపలే."

"ఏం ఆపమన్న?"

"పాట."

ఓదెలు చేతిలో ఉన్న చిక్కుడుకాయ వైపు చూస్తూ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, గుర్తుతెచ్చుకోవాలనే చూశాడు. తర్వాత చెల్లెలు బాధపడుతోందని గమనించి, ఆమె వీపు నిమిరాడు.

"ఏం పాటనో ఏమో. పోనియ్యి," అన్నాడు.

ఇది చదివినవాళ్ళకు ఒక్క మనవి. గోదావరిఖనిలో ఓదెలు అనే డ్రమ్మరు ఒకడు ఉండేవాడు. బొగ్గుబాయి బెల్టు మీద తాళం నేర్చినవాడు. అతని చెల్లెలికీ, భార్యకూ, స్నేహితుడికీ అతన్ని తలుచుకోవాలంటే భయం. అతనికి అతనే గుర్తులేడు. మీకు వీలైతే మీరు గుర్తుపెట్టుకోండి.